పేరున్న కాలేజీయా, చేతినిండా పనా? సాఫ్ట్‌బాల్ హిట్టింగ్ కోచ్ కావాలనుకునేవారికి

మా అక్క కూతురు అమెరికాలో కాలేజీ సాఫ్ట్‌బాల్ ఆడి, నిరుడు చదువు ముగించింది. ఎడమచేతి బ్యాటింగ్, సెంటర్ ఫీల్డ్. ఇక ఆడటం చాలు, ఆడిస్తానంది. అదీ హిట్టింగ్ కోచ్‌గానే. చేతిలో రెండు అవకాశాలున్నాయి. మొదటిది టీవీలో ఆటలు వచ్చే పెద్ద విశ్వవిద్యాలయంలో. వీడియోలు కత్తిరించి పెట్టాలి, బస్సులు, హోటళ్లు మాట్లాడాలి, కోచ్‌లకు కావలసిన అంకెలు తీసివ్వాలి. రెండోది, ఊరి పేరు చెబితే మ్యాపులో వెతుక్కోవలసిన రెండేళ్ల జూనియర్ కాలేజీలో. జీతం తక్కువ, అయితే బ్యాటర్లందరి బాధ్యతా ఆమెదే.

మా అక్క ఫోన్ చేసి, “నువ్వు చెబితే వింటుందిరా, ఆ పెద్ద కాలేజీ వదులుకోవద్దని చెప్పు” అంది. ఆమె తప్పేమీ లేదు. ఎంసెట్ కౌన్సెలింగ్‌లో కాలేజీ పేరు చూసుకుని, ఏ బ్రాంచి దొరికితే ఆ బ్రాంచిలో చేరిపోయిన తరం మాది. కానీ నేను మేనకోడలికి దీనికి సరిగ్గా వ్యతిరేకంగా చెప్పాను. ఎందుకు చెప్పానో, ఇలాంటి దారుల మధ్య తేల్చుకోలేక ఉన్నవారికి పనికొస్తుందేమోనని ఇక్కడ రాస్తున్నాను.

ముందు పని ఏమిటో చూద్దాం

మనవాళ్లకు బ్యాటింగ్ కోచ్ అంటే తెలుసు. బేస్‌బాల్‌కు దగ్గర బంధువైన సాఫ్ట్‌బాల్‌లో హిట్టింగ్ కోచ్ కూడా దాదాపు అదే. అయితే మాటల్లో ఒక తికమక ఉంది. క్రికెట్‌లో స్వింగ్ అనేది బంతిది, ఇక్కడ స్వింగ్ బ్యాటుది. మొదటి రోజుల్లో నాకూ సగం సంభాషణ తలకిందులుగా అర్థమయ్యేది.

కాలేజీ సాఫ్ట్‌బాల్‌లో పిచర్ (బంతి విసిరే అమ్మాయి) నిలబడే చోటికి, బ్యాటర్ పక్కనుండే హోమ్ ప్లేట్‌కు మధ్య దూరం 43 అడుగులు. బేస్‌బాల్‌లో అది 60 అడుగుల 6 అంగుళాలు. బంతిని కింది నుంచి, తుంటి దగ్గర వదులుతారు. పైగా పిచర్ ముందుకు దూకి వదులుతుంది కాబట్టి ఆ 43 అడుగుల్లో మరికొన్ని అడుగులు తగ్గిపోతాయి. గంటకు 70 మైళ్ల వేగంతో వచ్చే బంతి 0.4 సెకన్ల లోపే బ్యాటర్ దగ్గర ఉంటుంది. ఆ లోపే అది కిందికి దిగే డ్రాప్ బాలా, కంటికి పైకి లేస్తున్నట్టు కనిపించే రైజ్ బాలా, వేగం చంపి వేసిన చేంజపా అని తేల్చుకోవాలి. కొట్టాలా, వదిలేయాలా అన్నది కూడా ఆ లోపే.

అందుకే ఈ కోచ్ పనిలో బ్యాటు తిప్పడం నేర్పడం సగమే. మిగతా సగం కంటికి, బుర్రకు సంబంధించినది. ఎదుటి పిచర్ రెండు స్ట్రైకులు (బ్యాటర్ ఖాతాలో పడే తప్పులు, మూడైతే అవుట్) పడ్డాక ఏం వేస్తుంది, చేంజప్ వేసే ముందు చేతి కదలికలో ఏమైనా తేడా కనిపిస్తుందా, అంపైర్ మూల బంతులను స్ట్రైక్ ఇస్తున్నాడా అని గమనించి, ఆ రాత్రే ఒక పేజీలో రాసి పిల్లల చేతికివ్వాలి. సాధారణంగా శుక్రవారం నుంచి ఆదివారం దాకా మూడు ఆటలు, వారం మధ్యలో మరొకటి. ఫిబ్రవరిలో మొదలైన సీజన్, గట్టి జట్టయితే మే చివరి దాకా సాగుతుంది. అంతకు మించి ఆడేవారు ఓక్లహోమా సిటీలో జరిగే జాతీయ చాంపియన్‌షిప్ చివరి అంకం, విమెన్స్ కాలేజ్ వరల్డ్ సిరీస్‌కు చేరినవారే. కాలేజీ ఆటల సంఘం ఎన్‌సీఏఏ చేసిన మూడు అంచెల్లో పైదైన డివిజన్ 1లో రెగ్యులర్ సీజన్ ఆటలకు 56 పరిమితి. వేసవి విశ్రాంతి అనుకుంటే పొరపాటు. కొత్త ఆటగత్తెలను వెతకడానికి ఎండలో, మడత కుర్చీలో, చేతిలో నోట్‌బుక్‌తో గడిచేది ఆ కాలమే.

ఇంతా చేసి పిల్లలతో గడిపే సమయం తక్కువ. డివిజన్ 1 నిబంధనల ప్రకారం సీజన్‌లో వారానికి 20 గంటలు, సీజన్ లేనప్పుడు 8 గంటలు మించి సాధన చేయించకూడదు. ఆ 20 గంటల్లోనే ఫీల్డింగ్, పిచింగ్, వ్యాయామం, ఆటలు అన్నీ. ఒక్కో బ్యాటర్‌తో విడిగా దొరికేవి నిమిషాలే. ఆ నిమిషాలు ఎవరి చేతిలో ఉంటాయి? నా దృష్టిలో ఈ వృత్తిలో అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే. ఏ దారినైనా దీనితోనే కొలుస్తాను.

పెద్ద జట్లు: ఎస్‌ఈసీ, బిగ్ 12, ఆ స్థాయి

ఎస్‌ఈసీ, బిగ్ 12 అనేవి డివిజన్ 1లోని పెద్ద విశ్వవిద్యాలయాల లీగులు. వాటి ఆకర్షణ ఎక్కడుందో చెప్పనక్కరలేదు. చలికాలంలోనూ సాధన చేసుకునే కప్పు ఉన్న కేజ్‌లు (వలలు కట్టిన బ్యాటింగ్ సాధన చోట్లు), బంతి బ్యాటును వదిలిన వేగాన్ని, కోణాన్ని కొలిచే రాప్సోడో, హిట్‌ట్రాక్స్ లాంటి యంత్రాలు, బ్యాటు చివర తొడిగే బ్లాస్ట్ మోషన్ సెన్సర్లు, ఎదుటి జట్ల వీడియోలు అన్నీ ఉంటాయి. పేరు స్థిరపడ్డ హిట్టింగ్ కోచ్‌లకు లక్ష డాలర్లు దాటే జీతాలు ఈ స్థాయిలోనే కనిపిస్తాయి.

అయితే ఆ కుర్చీలు బాగా తక్కువ, ఖాళీ అయ్యేది ఇంకా తక్కువ. ఓక్లహోమా జట్టునే చూడండి. 2021 నుంచి 2024 వరకు వరుసగా నాలుగు టైటిళ్లు. 2021లో ఒకే సీజన్‌లో 161 హోమ్ రన్లు (మన సిక్సర్ లాంటివి) కొట్టి కొత్త రికార్డు నెలకొల్పింది. హెడ్ కోచ్ ప్యాటీ గాసో. హిట్టింగ్ చూసింది ఆమె కొడుకు జేటీ గాసో. దీన్ని తప్పు పట్టడం లేదు, ఫలితాలే మాట్లాడాయి. కానీ అలాంటి జట్టులో కొత్తగా చేరిన అమ్మాయికి బ్యాటర్ల మీద మాట చెల్లుబాటయ్యే రోజు ఎప్పుడొస్తుందో మీరే ఆలోచించండి. చాలా పెద్ద జట్లలో హెడ్ కోచే అసలైన హిట్టింగ్ కోచ్. పక్కనున్నవారి బిరుదు ఏదైనా, బంతులు అందించడం వారి పని.

ఇప్పుడు డబ్బు లెక్కలూ మారాయి. 2025లో కోర్టు ఆమోదించిన ఒప్పందం తర్వాత, అందులో చేరిన డివిజన్ 1 కాలేజీలు ఆటగాళ్లకు నేరుగా డబ్బు చెల్లించవచ్చు. స్కాలర్‌షిప్‌ల సంఖ్యకు పరిమితి పోయి, సాఫ్ట్‌బాల్ జట్టుకు 25 మంది అనే పరిమితి వచ్చింది. అంతకుముందు ఏడాదే, స్టాన్‌ఫర్డ్ నుంచి టెక్సాస్ టెక్‌కు మారిన పిచర్ నైజారీ కెనడీకి పది లక్షల డాలర్ల ఒప్పందం కుదిరిందని పత్రికలన్నీ రాశాయి. (పిచర్‌కు, చూశారా! ఈ ఆటలో డబ్బు ముందుగా నడిచి వెళ్లేది ఆ గుమ్మానికే.) జట్టులో 25 మందే అంటే, రెండేళ్లు ఓపిక పట్టి తీర్చిదిద్దుకోవలసిన పిల్లకు పెద్ద జట్టులో చోటు తగ్గుతుంది. అన్నీ నేర్చుకుని వచ్చినవారినే బదిలీల్లో తెచ్చుకుంటారు. 2024 నుంచి చదువు సరిగా సాగితే ఎన్నిసార్లయినా కాలేజీ మారవచ్చు కాబట్టి, మీరు మలిచిన స్వింగ్ మరుసటి ఏడాది మీ పిచర్‌నే ఎదుర్కోవచ్చు.

ఒక మంచి మార్పు కూడా ఉంది. డివిజన్ 1లో ‘వాలంటీర్ కోచ్’ అని ఒక పదవి ఉండేది. కోచ్ పనంతా చేయించుకుని జీతం ఇవ్వని పదవి. 2023 జూలై నుంచి దాన్ని రద్దు చేశారు. ఇంకా ఎవరైనా ‘ముందు ఒక ఏడాది ఊరికే చేయి, తర్వాత చూద్దాం’ అంటే, వినయంగా నమస్కారం పెట్టి బయటికి రండి.

మధ్య స్థాయి డివిజన్ 1, డివిజన్ 2

ఈ రెంటినీ కలిపి చెబితే కొందరికి కోపం వస్తుంది. కానీ హిట్టింగ్ కోచ్ రోజువారీ బతుకులో తేడా తక్కువ. సిబ్బంది తక్కువ, అందుకే మీ మీద నమ్మకం ఎక్కువ. హిట్టింగుతో పాటు అవుట్‌ఫీల్డ్, కొత్తవారి వెతుకులాట, యూనిఫాంల లెక్క అన్నీ మీ నెత్తినే. బస్సు ప్రయాణాలు పొడవు.

డివిజన్ 2లో గ్రాడ్యుయేట్ అసిస్టెంట్ పద్ధతి చాలా చోట్ల ఉంది. మాస్టర్స్ చదువుతూ కోచ్‌గా పనిచేస్తే ఫీజులో కొంత లేదా మొత్తం తగ్గించి, చేతికి కొద్దిగా భృతి ఇస్తారు. ఆడటం ముగించి 22 ఏళ్లకు బయటికి వచ్చినవారికి ఇది మంచి బేరం. రెండేళ్ల తర్వాత పట్టా, అనుభవం రెండూ చేతిలో ఉంటాయి. చేరేముందు ఫీజు పూర్తిగా పోతుందా, బయటి రాష్ట్రం వారికి వేసే అదనపు రుసుము కూడా పోతుందా అన్నది కాగితం మీద చూసుకోండి. నోటిమాట మీద ఆధారపడి అప్పుల్లో పడినవారు నాకు తెలుసు.

డివిజన్ 3

ఇక్కడ ఆటకు స్కాలర్‌షిప్ ఉండదు. పిల్లలు చదువు కోసం వస్తారు, ఇష్టం కొద్దీ ఆడతారు. రెగ్యులర్ సీజన్‌కు 40 ఆటలే. చెప్పింది వినే పిల్లలు, చదువు మీద దృష్టి ఉన్న పిల్లలు కావాలనుకునే కోచ్‌కు ఇంతకన్నా హాయైన చోటు లేదు. కాకపోతే అసిస్టెంట్ ఉద్యోగాలు చాలావరకు పార్ట్ టైమ్. ఉదయం జిమ్ నిర్వహణో, అడ్మిషన్ల ఆఫీసులో పనో చేసి, సాయంత్రం మైదానానికి రావాలి. ఇంట్లో ఇంకొకరి జీతం ఉన్నవారికి, ఒకే ఊళ్లో స్థిరపడాలనుకునేవారికి సరిపోతుంది. పైకి ఎదగాలన్న ఆరాటం ఉన్నవారికి నేనైతే దీన్ని మొదటి మెట్టుగా సూచించను.

జూనియర్ కాలేజీ: ఎవరూ గౌరవించని బడి

మా అక్కతో వాదన జరిగింది దీని మీదే, అందుకే కాస్త ఎక్కువ రాస్తాను.

రెండేళ్ల కాలేజీలో ప్రతి పిల్లా రెండేళ్లలో వెళ్లిపోతుంది. అంటే ప్రతి ఏడాదీ దాదాపు సగం జట్టు కొత్తది. మార్కులు చాలక వచ్చినవారు, ఆలస్యంగా ఎదిగినవారు, గాయంతో వెనకబడినవారు, పెద్ద కాలేజీలో ఇమడలేక తిరిగి వచ్చినవారు, రకరకాల స్వింగులతో దిగుతారు. ఎనిమిది నెలల్లో వారిని నాలుగేళ్ల కాలేజీల కంట పడేలా తయారు చేయాలి. పెద్ద జట్టు హిట్టింగ్ కోచ్ ఏడాదికి ఇద్దరు ముగ్గురు కొత్త బ్యాటర్లను చూస్తే, ఇక్కడి కోచ్ ఎనిమిది తొమ్మిది మందిని చూస్తుంది. పట్టణ ఆసుపత్రిలో రోగులను చూసిన హౌస్ సర్జన్‌కూ, కార్పొరేట్ ఆసుపత్రిలో ఫైళ్లు మోసినవారికీ ఉండే తేడా ఇది. మా అక్క డాక్టరే కాబట్టి ఈ పోలిక దగ్గర కాసేపు మాట్లాడలేదు.

దీనికి సాక్ష్యాలు వెతకనక్కరలేదు. ప్యాటీ గాసో 1995లో ఓక్లహోమాకు వచ్చేముందు పనిచేసింది కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్ సిటీ కాలేజీలో. అది రెండేళ్ల కాలేజీ. అరిజోనా జట్టును 1986 నుంచి 2021 వరకు నడిపి ఎనిమిది టైటిళ్లు గెలిచిన మైక్ కాండ్రియా అంతకుముందున్నది సెంట్రల్ అరిజోనా కాలేజీలో. అదీ రెండేళ్లదే. ఈ ఆటలో అతి పెద్ద పేర్లలో రెండు చిన్న కాలేజీ మైదానాల నుంచి వచ్చాయి. జూనియర్ కాలేజీలో చేరిన ప్రతివారూ అంతవారవుతారని దీని అర్థం కాదు, ఆ దారి మూసుకుపోయిన దారి కాదని మాత్రమే.

లోటుపాట్లూ చెప్పాలి. జీతం నెలకు ఇంటద్దె, కారు వాయిదా కట్టాక మిగిలేంత ఉండకపోవచ్చు. కొలిచే యంత్రాలు ఉండవు. మైదానం గీతలు మీరే గీయాలి, వాన పడితే టార్పాలిన్ మీరే లాగాలి. మీరు బాగా తీర్చిదిద్దిన ప్రతి బ్యాటర్ వేరే జట్టు చొక్కాలో హోమ్ రన్ కొడుతుంటే టీవీలో చూసి చప్పట్లు కొట్టాలి. ఈ చివరిది భరించలేనివారు ఇటు రావద్దు.

కాలేజీ వదిలేసి సొంత కేజ్ పెట్టుకుంటే?

గంటల లెక్కన పాఠాలు చెప్పే ప్రైవేటు కోచ్‌ల సంపాదన, చిన్న కాలేజీ అసిస్టెంట్ జీతాన్ని సులువుగా దాటిపోతుంది, ముఖ్యంగా టెక్సాస్, కాలిఫోర్నియా శివార్లలో. అమెరికా కార్మిక శాఖ లెక్క ప్రకారం 2023లో అన్ని ఆటల కోచ్‌ల, ప్రతిభాన్వేషకుల మధ్యస్థ వార్షిక వేతనం సుమారు 46 వేల డాలర్లు. దీన్ని దృష్టిలో పెట్టుకుంటే ప్రైవేటు దారి ఎందుకు లాగుతుందో తెలుస్తుంది. మన తెలుగు కుటుంబాల పిల్లలూ ఇప్పుడు ట్రావెల్ బాల్ జట్లలో (ఊరూరా టోర్నమెంట్లకు తిరిగే పిల్లల క్లబ్ జట్లు) కనిపిస్తున్నారు. వారాంతాల్లో డాన్స్ క్లాసుకు, కేజ్‌కు మధ్య కారు నడిపే నాన్నలు నాకు చాలామంది తెలుసు.

కానీ అక్కడ యజమాని తల్లిదండ్రులు. పన్నెండేళ్ల పిల్లకు ముందు కాళ్ల కదలిక సరిచేయాలని మీకు తెలుసు. వారికి మాత్రం వచ్చే శనివారం టోర్నమెంటులో హోమ్ రన్ కావాలి. అరగంట పాఠం తర్వాత ఆ పిల్ల ఆటలో ఏం చేసిందో మీరు చూడరు. ఫోన్లో వచ్చిన వీడియో చూస్తారు. పిచర్ ఆలోచన చదవడం, ఆటకు సిద్ధం చేయడం, ఓటమి తర్వాత జట్టుతో మాట్లాడటం అనే సగం పని ఈ దారిలో ఉండదు. ట్యూషన్ మాస్టారికీ, క్లాసు టీచరుకూ ఉన్న తేడా అది. రెండూ గౌరవమైన పనులే. ట్యూషన్ నుంచి మళ్లీ బడికి తిరిగి రావడం మాత్రం కష్టం.

బేస్‌బాల్ దారి కూడా ఒకటుంది. క్రైటన్, న్యూ మెక్సికో విశ్వవిద్యాలయాల్లో సాఫ్ట్‌బాల్ క్యాచర్‌గా ఆడిన రేచల్ బాల్కోవెక్‌ను 2019లో ప్రొఫెషనల్ బేస్‌బాల్ జట్టు న్యూయార్క్ యాంకీస్ తన మైనర్ లీగ్ (కింది స్థాయి) హిట్టింగ్ కోచ్‌గా తీసుకుంది. 2022లో ఆమె యాంకీస్ కింది స్థాయి జట్టు టాంపా టార్పన్స్‌కు మేనేజర్ (అంటే హెడ్ కోచ్) అయింది. గొప్ప విషయమే. కానీ ఆమె వచ్చింది ఫిట్‌నెస్ కోచింగ్ మార్గంలో, ఎన్నో ఏళ్ల తిరస్కారాల తర్వాత. దాన్ని ప్రణాళికగా పెట్టుకోవద్దు. తలుపు తెరుచుకుంటే వెళ్లండి, అంతే.

వీసా మీద ఉన్నవారికి రెండు మాటలు

ఇండియా నుంచి వచ్చి స్పోర్ట్ మేనేజ్‌మెంట్, కినీసియాలజీ లాంటివి చదివి ఈ రంగం వైపు చూసేవారూ ఉన్నారు. ఓపీటీలో (చదువు ముగిశాక కొంతకాలం పనిచేయడానికి ఇచ్చే అనుమతి) చేసే పని చదివిన చదువుకు సంబంధించినదై ఉండాలి. విశ్వవిద్యాలయాలకు హెచ్-1బీ వార్షిక పరిమితి వర్తించదు, లాటరీ బెడద ఉండదు. ప్రైవేటు అకాడమీకి ఆ వెసులుబాటు లేదు. ఈ ఒక్క కారణంతోనే కాలేజీ దారి వారికి మెరుగు. అయితే అసిస్టెంట్ కోచ్ కోసం కాలేజీ ఆ కాగితాల పని నెత్తిన వేసుకుంటుందా అన్నది చేరకముందే, మొహమాటం లేకుండా అడగాలి. ఫీజులు, నియమాలు మారుతూనే ఉన్నాయి కాబట్టి వకీలును కలవకుండా ముందుకు వెళ్లవద్దు.

ఎలా తేల్చుకోవాలి

నా ప్రాధాన్యం ఇది. అనుభవం లేనివారికి మొదట జూనియర్ కాలేజీ, లేదా కాలేజీయే ఫీజు పూర్తిగా భరించే డివిజన్ 2 గ్రాడ్యుయేట్ అసిస్టెంట్ పదవి. మూడు నాలుగేళ్లు అయ్యాక, తన బ్యాటర్ల ముందూ తర్వాతా వీడియోలు చూపించగలిగితే మధ్య స్థాయి డివిజన్ 1. పెద్ద జట్టుకు వెళ్లడం ఆ తర్వాత, అదీ బ్యాటర్ల మీద మాట చెల్లే పదవికే. ఇందుకు ఒక మినహాయింపు ఉంది. అంకెల విశ్లేషణే మీ బలమైతే, కంప్యూటర్ ముందే మీ ఆనందమైతే, పెద్ద జట్టు వీడియో ఉద్యోగమే మీకు సరైన చోటు. మా అమ్మాయి ఆ కోవ కాదు.

ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు జీతం కన్నా ముందు కొన్ని విషయాలు రాబట్టండి. హెడ్ కోచ్ ఆడిన రోజుల్లో పిచరా, బ్యాటరా? పిచర్ అయితే హిట్టింగ్ మీకు వదిలేసే అవకాశం ఎక్కువ. గత అయిదేళ్లలో ఎంతమంది హిట్టింగ్ కోచ్‌లు మారారు? ముగ్గురైతే నాలుగోవారు మీరే. ఆట రోజున బ్యాటింగ్ వరుస ఎవరు రాస్తారు? హెడ్ కోచ్ ఒప్పందం ఇంకా ఎన్నేళ్లుంది? ఆమె వెళ్లిపోతే సాధారణంగా అసిస్టెంట్లూ సామాను సర్దుకోవలసిందే, ఆ కుర్చీకి పునాది ఆమెదే. ప్రభుత్వ విశ్వవిద్యాలయమైతే జీతాలు బహిరంగంగానే ఉంటాయి. టెక్సాస్‌లో ‘టెక్సాస్ ట్రిబ్యూన్’ పత్రిక వాటిని వెతుక్కోవడానికి వీలుగా పెట్టింది. ముందే చూసుకుని వెళితే బేరం సూటిగా సాగుతుంది. డిసెంబరులో జరిగే జాతీయ ఫాస్ట్‌పిచ్ (వేగంగా బంతి విసిరే ఈ సాఫ్ట్‌బాల్) కోచ్‌ల సంఘం సమావేశానికి అప్పు చేసైనా వెళ్లండి. ఈ రంగంలో ఉద్యోగాలు ప్రకటన కన్నా ముందు కాఫీ వరుసలో తిరుగుతాయి.

ఇంకొకటి. మీకు వచ్చి, ఇతరులకు రానిదేమిటో గుర్తించండి. మా మేనకోడలు స్లాపర్. ఎడమచేతి బ్యాటర్‌గా నిలబడి, బంతి కొట్టాక చేరవలసిన మొదటి బేస్ వైపు పరుగెత్తుతూనే బంతిని తాకి వదిలే విద్య అది. స్పిన్నర్ మీదికి ముందుకు దూకి ఆడే బ్యాటర్‌ను ఊహించుకోండి, కాస్త దగ్గరగా ఉంటుంది. యూసీఎల్‌ఏలో నటాషా వాట్లీ, అరిజోనాలో కెయిట్లిన్ లోవ్ దీనితోనే పేరు తెచ్చుకున్నారు. లోవ్ 2021లో కాండ్రియా స్థానంలో అరిజోనా హెడ్ కోచ్ కూడా అయింది. బేస్‌బాల్ నుంచి వచ్చిన హిట్టింగ్ కోచ్‌లలో చాలామందికి ఇది నేర్పడం రాదు, హోమ్ రన్ల మోజులో ఉన్నవారికి నేర్పాలనీ ఉండదు. ఆ ఖాళీ ఆమెది. దరఖాస్తులో మూడో పేజీలో ఉన్న ఆ మాటను మొదటి వాక్యంలోకి తెప్పించాను.

ఆమె జూనియర్ కాలేజీకే ఒప్పుకుంది. ఆగస్టులో చేరాలి. పిచింగ్ మెషిన్ ఒకటే ఉందట, అదీ వంకర బంతులు వేస్తుందట. కాబట్టి వల వెనక కూర్చుని రోజూ వందల బంతులు విసిరే ఫ్రంట్ టాస్ పని ఆమె భుజానిదే. మా అక్క ఇంకా నాతో సరిగా మాట్లాడటం లేదు. కూతురికి మాత్రం రెండు ఐస్ ప్యాకులు, ఒక నొప్పి తైలం సీసా కొని పంపింది.